ఎత్తుకునే చేతులకు ఎవరు నేర్పారు?

2018 వేసవిలో, మా పాపకి పది నెలలప్పుడు, గొంతులో పల్లీ బద్ద ఇరుక్కుంది. నేను పక్క గదిలో తలుపేసుకుని సిద్ధాంత గ్రంథం ఆఖరి అధ్యాయం రాసుకుంటున్నాను. పాపని చూసుకుంటున్నది పదిహేనేళ్ల పిల్ల. మా ఊరి పిల్లే, మా వాళ్ల పిల్లే. పాపని ఎత్తుకోవడానికని నేనే హైదరాబాదు తెచ్చుకున్నాను. "అక్కా, పాప అదోలా ఉంది" అని పిలిస్తే బయటికొచ్చాను. ఏడుపు లేదు, దగ్గు లేదు, ముఖం నల్లబడుతోంది. ఆ పిల్ల పాప నోట్లో వేలు పెట్టి వెతుకుతోంది. నేను కేకలు పెడుతున్నాను. నాకు చేతనైంది అదొక్కటే.

సెలవులకని వచ్చి నాలుగు రోజులుగా మా ఇంట్లో ఉన్న పిన్ని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. పాపని లాక్కుని ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి వంచి, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేత్తో గట్టిగా చరిచింది. నాలుగో దెబ్బకో అయిదో దెబ్బకో బద్ద నేల మీద పడింది. పాప ఏడ్చింది.

ఆ తర్వాత నేను చేసిన పని కూడా చెప్పుకోవాలి. ఆ పిల్లని తిట్టాను. "కళ్లెక్కడ పెట్టుకున్నావ్? ఆ మాత్రం చూసుకోలేవా?" అని నోటికొచ్చినట్టల్లా అన్నాను. గోడకి ఆనుకుని వణికిపోతోంది ఆ పిల్ల. పిన్ని నన్ను ఆపి ఒకటే మాట అడిగింది.

"దానికి నువ్వేం నేర్పావనే అడుగుతున్నావ్?"

నా దగ్గర జవాబు లేదు. రాత్రి పడుకునేటప్పుడు పిన్నిని అడిగాను, నీకెవరు నేర్పారని. పిన్ని ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరి అంగన్‌వాడీలో ఆయా. 1995లో చేరింది, అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. చేరిన చాలా ఏళ్లకి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మీటింగు పెడితే ఒక నర్సమ్మ బొమ్మ పట్టుకుని చూపించిందట. "ఒక్కసారే చూపించిందే. మర్చిపోతానేమోనని ఇంటికొచ్చి దిండు మీద కొట్టి చూసుకున్నా" అంది.

పాప ప్రాణం నిలిపింది తల్లి మనసు కాదు. తల్లిని నేను అక్కడే ఉన్నాను. తెలుగు స్త్రీల సాహిత్యంలో మాతృత్వం గురించి మూడు వందల పేజీలు రాసినదాన్ని. నిలిపింది ఒక మధ్యాహ్నం ఒక నర్సు నేర్పిన విద్య. అది నేర్చుకోవాల్సిన విద్య, నేర్పాల్సిన విద్య. ఈ చిన్న నిజాన్ని ఒప్పుకోవడానికి మన సమాజం, మన ప్రభుత్వాలు, చివరికి మనం కూడా ఎందుకింత మొరాయిస్తున్నాం?

ఎందుకంటే ఒప్పుకుంటే డబ్బులివ్వాలి.

పిల్లల్ని చూసుకోవడం ఆడదానికి పుట్టుకతో వస్తుందనే మాట ఉందే, అది పొగడ్త కాదు. ఖర్చు తప్పించుకునే మార్గం. పుట్టుకతో వచ్చేదానికి శిక్షణ ఎందుకు? శిక్షణ లేని పనికి జీతమెందుకు, గౌరవ వేతనం చాలదా? పితృస్వామ్యం ఇంట్లో ఏం చెబుతుందో ప్రభుత్వం జీవోలో అదే చెబుతోంది.

మన చట్టాలు ఏ పనికి ఏ వయసు అడుగుతాయో ఒకసారి చూడండి. కిరాయి ఆటో నడపాలంటే మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇరవై ఏళ్లు నిండాలి, పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకోవాలి. పది నెలల బిడ్డని పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒంటరిగా చూసుకోవడానికో? పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఇళ్లలో పనికి పెట్టుకోకూడదని 2006 అక్టోబరులో నిషేధం వచ్చింది. 2016 సవరణ ఆ వయసు పిల్లల్ని దాదాపు అన్ని పనుల నుంచీ తప్పించింది, సంతోషమే. కానీ పద్నాలుగు దాటి పద్దెనిమిది నిండని వాళ్లని ప్రమాదకరమైన పనుల్లో మాత్రమే పెట్టకూడదంది. ఆ జాబితాలో గనులున్నాయి, పేలుడు పదార్థాలున్నాయి. పసిబిడ్డ లేదు. అంటే పదిహేనేళ్ల పిల్ల చేతిలో నా బిడ్డని పెట్టి నేను ఆ చట్టం కింద ఏ నేరమూ చేయలేదు. బడికి పోవాల్సిన పిల్ల చంకలో ఇంకో పిల్ల ఉంటే, ఇద్దరికీ ప్రమాదమేనని ఆ చట్టానికి తోచలేదు. నాకూ తోచలేదు.

2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి, యాభై మంది, అంతకు పైగా పనిచేసే చోట క్రెష్ ఉండాలన్నారు. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చన్నారు. మంచిదే. మరి మిగతా గంటల్లో బిడ్డని ఎవరు చూస్తారు, ఆమె వయసెంత, ఏం నేర్చుకుని ఉండాలి? ఆ సెక్షన్‌లో ఒక్క మాట లేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పని దగ్గర ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురు, అంతకు మించి ఉంటే కూలీల్లోనే ఒకామెను పిల్లల్ని చూడ్డానికి పెట్టి కూలి ఇవ్వాలంది. పిల్లల్ని చూడ్డం కూడా కూలి ఇవ్వాల్సిన పనేనని గుర్తించిన చట్టం అది, ఆ మేరకు గొప్పదే. ఆచరణలో మా ఊళ్లో ఆ పని ఎప్పుడూ గడ్డపార ఎత్తలేని ముసలామెకే పడేది. మట్టి తవ్వడానికి పనికిరాని మనిషి పిల్లలకి సరిపోతుందని అందరి లెక్క.

ఇళ్లలో షరతులే లేవు. అంగన్‌వాడీ దగ్గరకొచ్చేసరికి షరతులే షరతులు. కానీ ఆ షరతుల్లో బిడ్డ ఎక్కడుందో వెతకండి.

మన రెండు రాష్ట్రాల అంగన్‌వాడీ నోటిఫికేషన్లలో ఏళ్ల తరబడి కనిపించిన షరతులివి: టీచర్‌కి పదో తరగతి పాస్, వయసు 21 నుంచి 35, వివాహితురాలై ఉండాలి, స్థానికురాలై ఉండాలి. ఇందులో పసిపిల్లలకి సంబంధించింది ఏది? పెళ్లయితే పిల్లకి జ్వరం చూడ్డం వస్తుందా? పెళ్లి కాని స్త్రీ ఒంటరిగా బతుకుతూ పిల్లల్ని చూసుకోలేదా? పెళ్లి కాని అమ్మాయి రేపు అత్తారింటికి వెళ్లిపోతుంది కాబట్టి అని కారణం చెబుతారు. నాకు కనిపించే కారణం వేరు. పెళ్లయిన ఆడదానికి అన్నం పెట్టేవాడు ఇంకొకడున్నాడు కాబట్టి మనమిచ్చే నాలుగు రాళ్లు చాలు. కదలని మనిషి, వేరే దారి లేని మనిషి, తక్కువకి దొరికే మనిషి. వీళ్లు ఎంచుకుంటున్నది పిల్లల్ని పెంచే మనిషిని కాదు, బేరమాడలేని మనిషిని. ఈ పెళ్లి షరతు రాజ్యాంగంలోని సమానత్వానికి విరుద్ధమని 2023లో రాజస్థాన్ హైకోర్టు చెప్పింది. కోర్టు చెప్పేదాకా అది మనకెందుకు తప్పనిపించలేదో మనల్ని మనం అడగాలి.

వయసు సంగతి చూద్దాం. అంగన్‌వాడీ అనే మాటకి, ఆలోచనకి మన దేశంలో ప్రాణం పోసింది తారాబాయి మోడక్. పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ల వాకిట్లోకి వెళ్లాలని చెప్పిన మనిషి. 1945లో మహారాష్ట్రలోని బోర్డీలో ఆమె పని మొదలుపెట్టేనాటికి ఆమెకి 53 ఏళ్లు. భర్త నుంచి విడిపోయిన స్త్రీ. ఆమెతో చేయి కలిపిన అనుతాయి వాఘ్‌కి 35. చిన్నప్పుడే పెళ్లయి, చిన్నప్పుడే భర్త పోయిన స్త్రీ. ఈ ఇద్దరూ కలిసి ఆదివాసీ పిల్లల మధ్య దశాబ్దాలు పనిచేశారు. ఇవాళ వాళ్లిద్దరూ మన నోటిఫికేషన్ చూసి దరఖాస్తు పెడితే ఒకరిది నేరుగా చెత్తబుట్టలోకి పోతుంది, ఇంకొకరిది గీత మీద ఊగుతుంది.

మా పిన్ని దరఖాస్తు అలాగే పోయింది. పదో తరగతి తప్పింది తను. టీచర్ మీటింగులకి, సర్వేలకి, మండల కేంద్రానికి పోయిన రోజుల్లో సెంటరు నడిపింది పిన్నే. పాటలు చెప్పింది, బరువులు తూచింది, బాలామృతం కలిపింది, బాలింతల ఇళ్లకి తిరిగింది. చేరిన కొత్తలో రెండేళ్లు పెద్ద వీధి పిల్లలు గుడ్డు తీసుకుని వెళ్లిపోయేవాళ్లు గానీ పిన్ని వండిన అన్నం అక్కడ కూర్చుని తినేవాళ్లు కాదు. మాలపల్లి మనిషి వంట మరి. ఆ పిల్లల్నే ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి తినిపించేదాకా ఓర్చింది. టీచర్ పోస్టు ఖాళీ అయ్యేసరికి పిన్నికి నలభై నాలుగు. చదువూ లేదు, వయసూ దాటింది. ఇరవై నాలుగేళ్ల అమ్మాయి టీచర్‌గా వచ్చింది. ఆ అమ్మాయికి పని నేర్పింది మా పిన్ని. నేర్పినామె ఆయా, నేర్చుకున్నామె టీచర్. ఆ అమ్మాయి మీద నాకేం కోపం లేదు, ఆమెదీ అరకొర బతుకే. కానీ పదిహేనేళ్ల అనుభవాన్ని ఒక కాగితం ముందు సున్నా చేసే పద్ధతిని ఏమనాలి?

2022 నాటి కేంద్ర మార్గదర్శకాలు టీచర్ చదువుని ఇంటర్‌కి పెంచాయి. టీచర్ పోస్టుల్లో సగం అయిదేళ్లు పనిచేసిన ఆయాలకి ఇవ్వాలన్నాయి. వినడానికి బాగుంది. కానీ చదువు షరతు దాటిన ఆయాలకే కదా అది. ఏ కులాల స్త్రీలు ఆయాలుగా ఉన్నారు, ఏ కులాల స్త్రీలకి ఇంటర్ అందింది? చదివించకుండా చదువు అడగడం ఈ దేశంలో పాత అలవాటే.

ఇలా అంటే నేను అర్హతలకి వ్యతిరేకినని అనుకోవద్దు. నాకు కావాల్సింది ఇంకా గట్టి అర్హత. గొంతులో గింజ పడితే ఏం చేయాలో, జ్వరంలో ఫిట్స్ వస్తే ఏం చేయకూడదో, రెండేళ్లకి మాట రాని బిడ్డని ఎలా గమనించాలో, ఒంటి మీద దెబ్బలు కనిపిస్తే ఎవరికి చెప్పాలో తెలిసిన మనుషుల చేతుల్లో పిల్లలు ఉండాలి. అది కాగితంతో రాదు, నేర్పితే వస్తుంది. మరి నేర్పుతున్నారా?

2020 జాతీయ విద్యావిధానం ఇంటర్ చదివిన అంగన్‌వాడీ టీచర్లకి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవాళ్లకి ఏడాది డిప్లొమా అంది. పని ఆగకుండా టీవీ చానళ్ల ద్వారా, స్మార్ట్‌ఫోన్ల ద్వారా నేర్పవచ్చంది. పని ఆగకుండా అంటే ఏమిటి? పగలంతా సెంటరు, సాయంత్రం పోషణ్ ట్రాకర్‌లో లెక్కలెక్కించడం, ఇంటికొచ్చి వంట, అందరూ పడుకున్నాక ఫోనులో పాఠం. బిడ్డని ఎత్తుకోవడం ఫోనులో నేర్చుకోవాలి! డ్రైవింగు ఫోనులో నేర్పి లైసెన్సు ఇస్తారా? ఆ తర్వాత 2023లో 'పోషణ్ భీ, పఢాయీ భీ' పేరుతో మొదలైన కార్యక్రమంలో మూడు రోజుల శిక్షణ పెట్టారు. ఆరేళ్ల లోపు పిల్లల మెదడు ఎదుగుదల, ఆట, మాట, వైకల్యాల గుర్తింపు, అన్నీ మూడు రోజుల్లో. అదేదో పుట్టుకతో వచ్చిందే కదా, కొంచెం గుర్తుచేస్తే చాలన్నట్టు.

ఈ షరతుల బండారం మొత్తం ఆంధ్రలో జరిగిన సమ్మెలో బయటపడింది. 2023 డిసెంబరు 12న అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మెలోకి దిగారు. అప్పటికి అక్కడ టీచర్‌కి నెలకి 11,500, ఆయాకి 7,000. తెలంగాణలో 13,650, 7,800. నలభై రెండు రోజులు టెంట్ల కింద కూర్చున్నారు. యాభై ఏడేళ్ల మా పిన్ని కూడా కూర్చుంది. అప్పుడు ప్రభుత్వం ఏం చేసింది? సెంటర్ల తాళాలు పగలగొట్టి సచివాలయ సిబ్బందితో తెరిపించింది. పదో తరగతి ఏమైంది? వివాహిత ఏమైంది? 35 ఏళ్లు ఏమయ్యాయి? శిక్షణ ఏమైంది? సమ్మె నాటికి ఏ షరతూ గుర్తు రాలేదు. ఎవరైనా చూసుకోవచ్చు పిల్లల్ని! జనవరి వచ్చేసరికి ఎస్మా పెట్టారు. అంటే అత్యవసర సేవ. అత్యవసరమైన పని చేసేవాళ్లు ఉద్యోగులు కారు, వాళ్లకిచ్చేది జీతం కాదు. ఈ తర్కం నేను చదివిన ఏ సాహిత్య సిద్ధాంతంలోనూ కనిపించలేదు.

సుప్రీంకోర్టు 2006లో కర్ణాటక కేసులో అంగన్‌వాడీ కార్యకర్తలది ప్రభుత్వ పదవి కాదంది. అదే కోర్టు 2022లో గుజరాత్ కేసులో వాళ్లకి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని, గౌరవ వేతనమన్నా అది వేతనమేనని చెప్పింది. ఆ రెండు తీర్పుల మధ్య పదిహేనేళ్లకు పైగా గడిచాయి. ఆ పదిహేనేళ్లలో ఎంతమంది ఆయాలు ఉత్త చేతులతో ఇంటికి పోయారో ఎవరు లెక్కపెట్టారు?

ఇక్కడ కొందరు మిత్రులు అడుగుతారు. షరతులు బిగిస్తే చదువులేని పేద స్త్రీల పొట్ట కొట్టినట్టు కాదా అని. శిక్షణని గేటు దగ్గర కాపలాగా పెడితే అవును, కొట్టినట్టే. లోపలికి తీసుకున్నాక జీతమిచ్చి నేర్పితే కాదు. ఢిల్లీలో 1969లో మీరా మహదేవన్ మొదలుపెట్టిన మొబైల్ క్రెషెస్ ఇళ్లు కట్టే కూలీల పిల్లల కోసం పుట్టింది. పెద్ద చదువులు లేని స్త్రీలని కూడా తీసుకుని, పిల్లల మధ్యే ఉంచి, పని నేర్పించి నిలబెట్టిన సంస్థ అది. చదువులేనితనం అడ్డమని చెప్పేవాళ్లకి ఆ అర్ధ శతాబ్దపు అనుభవం జవాబు.

ఇంకొందరు ప్రేమ గురించి మాట్లాడతారు. పిల్లల్ని చూసుకోవడం ప్రేమతో చేసే పని, దాన్ని డబ్బుతో కొలవకూడదు, యశోద జీతం అడిగిందా అంటారు. యశోద నందుడి ఇల్లాలు. పాలకీ వెన్నకీ లోటు లేని ఇల్లు. సాయంత్రం అప్పుకి బియ్యం తెచ్చుకోవాల్సిన ఆయాకి ఆవిడతో పోలికేమిటి? మా పిన్ని పిల్లల్ని ప్రేమించలేదని కాదు. ప్రేమించింది కాబట్టే దిండు మీద కొట్టి నేర్చుకుంది. ఆ ప్రేమని చూపించి జీతం ఎగ్గొట్టకండి అంటున్నాను.

చివరిగా మన సంగతి. స్త్రీవాదం మన ఇళ్ల తలుపులు తెరిచింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' రాశారు, విమల 'వంటిల్లు' రాశారు. ఎవరూ చూడని గదులు కవిత్వంలోకి వచ్చాయి. వాటిని చదువుకునే నేను పెరిగాను. కానీ పురిటి గది నుంచి బయటికొచ్చిన బిడ్డని, వంటింట్లోంచి బయటికొచ్చి ఉద్యోగానికో లైబ్రరీకో వెళ్లిన తల్లి ఎవరి చేతుల్లో పెట్టింది? నా మూడు వందల పేజీల్లో ఆయా అనే మాట ఒక్కసారి కూడా లేదు. ఆ పేజీలు రాసుకోవడానికి నాకు తీరిక ఇచ్చిన పదిహేనేళ్ల పిల్ల కృతజ్ఞతల పుటలో కూడా లేదు. నా మార్గదర్శకుడి పేరుంది, లైబ్రరీ సిబ్బంది పేర్లున్నాయి. నేను గది తలుపేసుకుంటే ఆ పిల్ల బడి తలుపు మూసుకుంది. దళిత స్త్రీగా చదువు కోసం ఎంత పోరాడామో వేదికల మీద చెబుతుంటాను. మా పల్లె పిల్ల చదువు మీద నిలబడి చెబుతున్నానని ఆ రోజు పిన్ని అడిగేదాకా తట్టలేదు.

కాబట్టి నా డిమాండ్లు నాతో మొదలుపెట్టి చెబుతాను. పద్దెనిమిది నిండని పిల్ల చేతిలో ఏ ఇంట్లోనూ పసిబిడ్డని పెట్టకూడదు. చట్టం ఆ మాట రాయాలి, అది రాసేదాకా మనం ఆగాల్సిన పని లేదు. పిల్లల్ని చూసే ప్రతి స్త్రీకి, అంగన్‌వాడీలోనైనా క్రెష్‌లోనైనా ఇంట్లోనైనా, పిల్లల మధ్య, మనుషులు నేర్పే శిక్షణ ఉండాలి. నెలలు పట్టినా సరే, ఆ రోజులకి జీతం ఇవ్వాలి. ఆ సర్టిఫికెట్ ఎక్కడికెళ్లినా చెల్లాలి. ఏళ్లు పనిచేసిన ఆయాలకి పై వయసు గీత చెరిపేయాలి, పదో తరగతి, ఇంటర్ చదివించే బాధ్యత శాఖే తీసుకోవాలి. పెళ్లి షరతు ఎక్కడున్నా పోవాలి. నేర్చుకున్న పనికి గౌరవ వేతనం కాదు, వేతనం కావాలి.

ఆ పిల్లని నేను నెల తిరక్కుండా ఊరికి పంపేశాను. అప్పట్లో అది బాధ్యత అనుకున్నాను, భయమని ఇప్పుడు తెలుస్తోంది. మళ్లీ బడికి పోలేదు. పందొమ్మిదో ఏట పెళ్లయింది. మొన్న ఊరెళ్లినప్పుడు చూశాను, చంకలో ఏడాది పిల్లాడు. "అక్కా, పాప బాగుందా?" అని అడిగింది. ఇప్పుడు తనకి ఇరవై రెండు. వివాహిత, స్థానికురాలు, వయసు సరిపోయింది. చదువు ఒక్కటి తప్ప పాత నోటిఫికేషన్ షరతులన్నీ తీరినట్టే.

గొంతులో గింజ పడితే ఏం చేయాలో ఎవరైనా చెప్పారా అని అడిగాను. లేదంది. వాకిట్లో కూర్చుని, పిన్ని దగ్గర నేను నేర్చుకున్నది దిండు మీద చేసి చూపించాను. ఏడేళ్లు ఆలస్యంగా.